బండి అన్నా రైలే



చాలా రోజుల తరువాత ఈ టపా వ్రాస్తున్నాను. ఇది పద్యవిషయం కాదు, వ్యాకరణచర్చ అంతకన్నా కాదు. మెదడుకు శస్త్రచికిత్స జరిగిన మనిషి పోయిన మాటను మళ్ళీ ఎలా తెచ్చుకొంటాడు, ఆ పనిలో తెలుగువాళ్ళుగా మనం చేయవలసి ఉండీ చేయనిది ఏమిటి అన్నది నేటి విషయం. తెలుగు పండితుడికి వైద్యంతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. మూడేళ్ళ క్రిందటి వరకు నేనూ అదే అనుకొన్నాను.

మా బిట్రగుంటలో నాతో కలిసి పాతికేళ్ళు పనిచేసిన లెక్కల మాస్టారు ఒకరున్నారు. పేరు వ్రాయను, ఆయన ఇప్పటికీ ఈ ఊరిలోనే ఉన్నారు. ఆయన తండ్రి ఇక్కడి లోకోషెడ్డులో ఫైర్‌మన్. ఆవిరి యంత్రాల కాలంలో మా ఊరంటే ఆ షెడ్డు, రౌండ్ హౌస్, యార్డు, రైల్వే కాలనీ. ఇంజను కూతలను బట్టి వేళ చెప్పగల ఇంట పుట్టిన మనిషి ఆయన. తరగతిలో సుద్దముక్క పట్టుకొంటే గంట మ్రోగినా ఆపేవారు కాదు.

అటువంటి ఆయనకు ఎడమ కణత లోపల, మెదడును కప్పి ఉండే పొరలో గడ్డ పుట్టినది. క్యాన్సరు కాదు, కాని పెరిగి మెదడును నొక్కుతున్నదన్నారు. ఇక్కడికి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న చెన్నైకి తీసికొనిపోయి తీయించారు. గడ్డ పూర్తిగా వచ్చినది. మనిషి బ్రతికినాడు. అయితే కళ్ళు తెరిచిన తరువాత ఆయన నోట మాట లేదు. ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమవుతున్నది. చెప్పవలసినదీ తెలుస్తున్నది. ఆ రెంటికీ మధ్య ఉండవలసిన పదం మాత్రం రాదు. వైద్యులు దీనిని అఫేసియా అంటారు.

ఇంటికి వచ్చిన వారానికి నేను వెళ్ళాను. వరండాలో చేరినవాళ్ళ నోట రెండు మాటలు విన్నాను. "ఇంకేముంది, అయిపోయింది, ఇక రాదు" అన్నది ఒకటి. "మెదడు మహాద్భుతమయ్యా, దానంతటదే సర్దుకొంటుంది, ఏమీ చేయనక్కరలేదు" అన్నది రెండవది. ఒకటి నిరాశ, ఒకటి ఆశ. రెండూ చివరకు ఒకే పని చేస్తాయి: ఇంట్లోవాళ్ళను చేతులు ముడుచుకొని కూర్చోబెడతాయి. శస్త్రచికిత్స తరువాత మెదడు కోలుకోవడంలో పెద్దభాగం చదువు వంటిది, చదువన్నాక అభ్యాసం ఉండాలి, ఓపిక గల గురువు ఉండాలి, అన్నింటికన్నా ముందు అది శిష్యుడి సొంత భాషలో ఉండాలి అన్నది నా అభిప్రాయం.

మొదట మెదడులో జరిగేదేమిటో నేను గ్రహించినంతవరకు చెబుతాను. 2021 నవంబరు వరదలు మా జిల్లావాళ్ళకు గుర్తే. నెల్లూరుకు ఆనుకొని ఉన్న పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకొనిపోయినది. బిట్రగుంటలో పట్టాలకు ఏమీ కాలేదు. సిగ్నళ్ళు బాగున్నవి, ప్లాట్‌ఫారం బాగున్నది. అయినా బండ్లు లేవు. దెబ్బ ఒకచోట తగిలితే మౌనం మరొకచోట. మెదడులోనూ ఇంతే. కోత పడిన చోటుతో సంబంధమున్న దూరపు భాగాలు, వాటికి ఏ గాయమూ లేకపోయినా, కొంతకాలం మూగబోతాయి. కాన్‌స్టాంటిన్ ఫాన్ మొనాకోవ్ అనే నాడీవైద్యుడు 1914లోనే దీనిని గుర్తించి పేరు పెట్టినాడు. దానికి తోడు కోత చుట్టూ వాపు ఉంటుంది. వాపు తగ్గేకొద్దీ, మూగబోయిన భాగాలు లేచేకొద్దీ మొదటి వారాలలో రోగి వేగంగా తేరుకొంటాడు. "దానంతటదే సర్దుకొంటుంది" అన్న మాటలో ఉన్న నిజం ఈపాటిది.

రెండవది దారి మళ్ళించడం. ఆ వరదలప్పుడు కొన్ని బండ్లను రద్దు చేసి, కొన్నింటిని చుట్టుదారిన పంపించారు. చుట్టుదారి కొత్తగా వేసినది కాదు, ముందు నుంచీ ఉన్నదే. దాని మీద ఈ బండ్లు నడవకపోవడమే తేడా. మెదడులో కూడా వాడుకలో లేని, లేదా తక్కువగా వాడిన నాడీమార్గాలు ఎన్నో ఉంటాయి. ఒక దారి మూతపడినప్పుడు వాటికి పని పెరుగుతుంది. ప్రక్కనున్న కణజాలము, ఒక్కొక్కప్పుడు అవతలి అర్ధగోళములోని భాగము కొంత భారం మోస్తాయి. వాడేకొద్దీ ఆ సంధులు బలపడతాయి. చుట్టుదారిన వచ్చే బండి ఆలస్యంగా వస్తుందన్నది మరచిపోరాదు. మాస్టారు పది నిమిషాలు మాట్లాడితే గంటసేపు పడుకొనేవారు. ఇంట్లోవాళ్ళు అది బద్ధకమనుకొన్నారు. బద్ధకం కాదు, దూరపు ప్రయాణపు అలసట.

ఈ పోలిక చెల్లని చోటు కూడా చెప్పాలి. పడుగుపాడు కట్టను మళ్ళీ పోసినారు. తెగిపోయిన మెదడు కణజాలాన్ని అలా పోయలేము. చర్మం అతుక్కొన్నట్లు, ఎముక అతుక్కొన్నట్లు పోయిన న్యూరాన్లు తిరిగి మొలిచి పాత పనిలో కూర్చోవు. చాలా చిన్నపిల్లలలో, అదుపులేని మూర్ఛలకు మెదడులో ఒక అర్ధగోళాన్నే తొలగించినా లేక విడదీసినా, ఎడమవైపుదైనప్పటికీ భాష కుడివైపు కుదురుకొన్న సందర్భాలున్నవి. అరవై దాటినవాళ్ళకు అంత వెసులుబాటు లేదు. గడ్డ మెల్లగా పెరిగినదైతే కొంత మేలు. మెదడు శస్త్రచికిత్సకు ముందే పనిని ప్రక్కకు జరుపుకొని ఉండవచ్చు. ఫ్రాన్సులో యూగ్ డుఫో అనే శస్త్రవైద్యుడు ఇటువంటి గడ్డలపై చేసిన పని ప్రసిద్ధం.

ఇప్పుడు మన వార్తాపత్రికల సంగతికి వస్తాను. 2017లో గుంటూరులో ఒక రోగి మెలకువగా ఉండి బాహుబలి-2 చూస్తుండగా మెదడులోని గడ్డను తీసినారు. 2022లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఒక మహిళ చిరంజీవి చిత్రం చూస్తుండగా, 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మరొకామె అదుర్స్ చూస్తుండగా ఇటువంటి చికిత్సలు చేసినారు. పత్రికలన్నీ సినిమా పేరే పెద్దక్షరాలలో వేసినవి. మనమూ నవ్వుకొని పుట త్రిప్పినాము. అసలు సంగతి సినిమా కాదు. మెదడుకు తనంతట తనకు నొప్పి తెలియదు. పైచర్మానికి మత్తు ఇస్తే చాలు, మనిషిని మేలుకొలిపి ఉంచవచ్చు. 1930ల నాడు మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఈ పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చినాడు. మెదడుపై ఒక చోట సన్నని విద్యుత్తు తాకిస్తారు. అదే సమయంలో రోగి చేత మాట్లాడిస్తారు, బొమ్మలు చూపి పేర్లు అడుగుతారు. మాట ఆగిందంటే ఆ చోటును కత్తి తాకకూడదు. సినిమా రోగి మనస్సును నెమ్మదిగా ఉంచడానికి, మెలకువను కనిపెట్టుకొని ఉండడానికి.

పేర్లు ఏ భాషలో అడగాలన్నది ఇక్కడి ప్రశ్న. 1978లో ఆజ్‌మన్, విటేకర్ అనే ఇద్దరు ప్రచురించిన పరిశీలనలో, రెండు భాషలు వచ్చినవారి మెదడులో కొన్ని చోట్లను తాకితే ఒక భాషలో పేర్లు చెప్పడం ఆగి రెండవ భాషలో ఆగలేదు. అంటే రోగిని ఇంగ్లీషులోనో హిందీలోనో పరీక్షించి, మాట భద్రంగా ఉన్నదని నమ్మి కోస్తే, ఇంట్లో మాట్లాడే తెలుగుకు దెబ్బ తగలడానికి అవకాశమున్నది. మాతృభాష అన్న మాటను సభలలో పూలదండ వేసి ప్రక్కన పెట్టడం మనకు అలవాటు. శస్త్రచికిత్స బల్లమీద అది ఎంత కోయాలి, ఎక్కడ ఆగాలి అన్న లెక్క.

మళ్ళీ మా మాస్టారి దగ్గరకు వస్తాను. ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి.

ఆయన భార్య నాతో, "అన్నయ్యగారూ, మీరు రోజూ ఒక గడియ వచ్చి కూర్చుంటే ఏమన్నా పలుకుతారేమో" అన్నది. నేను పద్యాలతో వెళ్ళాను. ఒక శతకపద్యం మొదటి రెండు మాటలు అందించగానే ఆయన మిగిలిన నాలుగు పాదాలూ యతి చెడకుండా చదివినారు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది. నేను గర్వపడినాను. కంఠస్థం చేయించడం దండుగ అన్నవాళ్ళందరినీ పిలిచి చూపించాలనిపించింది. పది రోజులు ఇలాగే పద్యాలు, ఎక్కాలు సాగినవి. ఏడవ ఎక్కం చివరి వరకు తడుముకోకుండా చెప్పారు. పదకొండవ రోజున ఆయనకు దాహం వేసినది. నా వైపు చూచి చెయ్యి ఎత్తి, పెదవులు కదిపి, ఏదో రాక, చివరకు కూజా వైపు చూపి తలవంచుకొన్నారు. నూరు పద్యాలు వచ్చిన నోట "నీళ్ళు" రాలేదు.

తరువాత తెలిసినది. ఏకబిగిని వచ్చే ప్రార్థనలు, పాటలు, అంకెల వరుస, వారాల పేర్లు, తిట్లు, ఇవన్నీ మాటపోయినవాళ్ళలో చాలామందికి మిగిలి ఉంటాయని పందొమ్మిదవ శతాబ్దంలోనే హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఆంగ్ల వైద్యుడు గుర్తించినాడు. నేను అద్భుతమనుకొన్నది గాయానికి దొరకక మిగిలినది. కొత్తగా తిరిగివచ్చినది కాదు. మాస్టారికి ఏడు అన్న అంకె విడిగా రాదు. ఒకటి నుంచి వరుసగా లెక్కపెట్టుకొంటూ వచ్చి ఏడు దగ్గర ఆగాలి. ఎక్కంలో యాభై ఆరు అన్న నోటికి కూరగాయల ధర యాభై ఆరు అని చెప్పడం రాదు.

అట్లని పద్యం వ్యర్థమని కాదు. 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనేవాళ్ళు ఒక పద్ధతి ప్రకటించారు. నిత్యం అవసరమయ్యే చిన్న వాక్యాన్ని రాగం తీసి, ఎడమచేతితో తాళం వేయిస్తూ పలికించి, క్రమంగా రాగం తగ్గించి మామూలు మాటగా మారుస్తారు. అందరికీ పనిచేయదు; కొందరికి మేలు చేసినది. ఇందులో రాగం మెట్టు మాత్రమే. మెట్టు మీదనే కూర్చొని మేడ ఎక్కినామనుకోవడం నేను చేసిన తప్పు. ఆ తరువాత పద్యం మానలేదు, కాని పద్యం అయిన వెంటనే "కాఫీ కావాలి", "ఫ్యాను వెయ్యి", "కాలు నొప్పి" అన్న మూడింటిని అదే వరుసలో ఆయన చేత అనిపించడం మొదలుపెట్టాను. అన్నప్పుడల్లా ఆ వస్తువు ఎదుటికి రావాలి, ఆ పని జరగాలి. ఫ్యాను తిరిగితేనే "వెయ్యి" అన్న మాటకు అర్థం.

ఇక శీర్షికలోని మాట. ఒక పట్టణంలో మాటల చికిత్స చేసే చోటికి వారానికొకసారి మాస్టారిని తీసికొనిపోయేవాళ్ళం. ఊరి పేరు, చోటు పేరు అనవసరం. అక్కడి అమ్మాయి మంచిది, ఓర్పు గలది. ఆమె చేతిలోని బొమ్మల అట్టలు మాత్రం ఎక్కడో మంచు కురిసే దేశానికి చేసినవి. మంచుతో చేసిన మనిషి, గోడలో నిప్పుగూడు, చేతులకు ఉన్ని తొడుగులు. క్రింద తెలుగు మాటలు అతికించారు. నెల్లూరు తీరంలో పుట్టి పెరిగిన మనిషికి మంచు బొమ్మ పేరు రాలేదని తప్పు వేస్తే అది మెదడు తప్పా?

ఒకరోజు ఆవిరి ఇంజను బొమ్మ వచ్చినది. మాస్టారు దానిని చాలాసేపు చూచినారు. ముఖం మారినది. గొంతులో ఏదో కూడదీసుకొని, స్పష్టంగా, "బండి" అన్నారు. చికిత్స మొదలైన తరువాత ఎవరూ అందించకుండా ఆయన తనంతట తాను అన్న మొదటి పేరు అది. ఆ అమ్మాయి కాగితంలో జవాబు "రైలు" అని ఉన్నది. నొచ్చుకొంటూనే తప్పు గుర్తు వేసి, "రైలు, అనండి సార్, రై..." అన్నది. ఆయన నోరు మూసికొన్నారు. ఆ పూట ఇక తెరవలేదు.

నేను కోపంతో ఏదో అనబోయి ఆగిపోయాను. ముప్పై ఏళ్ళు నా చేతిలో ఎర్రసిరా కలం ఉన్నది. "యాడికి పోతివి" అని వ్రాసినవాడికి సున్నా చుట్టి "ఎక్కడికి వెళ్ళావు" అని పైన వ్రాసినవాణ్ణి. రైల్వే కాలనీ పిల్లలు వ్యాసంలో "బండి వచ్చింది" అని వ్రాస్తే, ఎద్దుల బండా, గుర్రపు బండా అని నలుగురిలో అడిగినవాణ్ణి. మా ఊరిలో బండి అంటే రైలు. ఇంకొక అర్థం చెప్పాలంటేనే ముందు విశేషణం పెట్టాలి. ఆ అమ్మాయి ఒక్కసారి వేసిన గుర్తు నేను వేలసార్లు వేసినది. ఆమెకు చెప్పవలసిన మాట నాకు నేనే చెప్పుకోవలసి వచ్చినది.

ప్రమాణభాష వద్దని నేననను. దాని పని దానికున్నది. కాని గాయపడిన మెదడులో మొదట దొరికే మాట బడిలో నేర్చినది కాకపోవచ్చు. చిన్ననాడు నేర్చి, రోజుకు పదిసార్లు వాడి, వాసనతో చప్పుడుతో పెనవేసుకొన్న మాట త్వరగా చేతికందడానికి అవకాశం ఎక్కువ. ఆ మాట బయటపడగానే దానిని సరిదిద్దడం, అప్పుడే మొలిచినదానిని వరుస తప్పినదని పీకివేయడం వంటిది.

మన తెలుగులో ఈ దిశగా పని జరగలేదని అనడం అన్యాయమవుతుంది. మైసూరులోని అఖిలభారత వాక్ శ్రవణ సంస్థలో మన భాషల అఫేసియా మీద పరిశోధన ఉన్నది. హైదరాబాదులో నిమ్స్ వైద్యులు జ్ఞాపకశక్తిని, భాషను పరీక్షించే విదేశీ పరీక్షను తెలుగుకు అనువుగా మలచినారు. అక్కడే డా. సువర్ణ అల్లాడి, డా. సుభాష్ కౌల్, ఉస్మానియా భాషాశాస్త్రశాఖకు చెందిన దుగ్గిరాల వసంత, ఎడింబరో విశ్వవిద్యాలయపు థామస్ బాక్ మొదలైనవారు కలిసి చేసిన పరిశోధనలకు ప్రపంచమంతటా పేరు వచ్చినది. 2013లో వెలువడిన దానిలో 648 మంది మతిమరుపు రోగులను పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్లు కనబడినది. చదువురానివారిలో కూడా ఈ తేడా ఉన్నది. 2016 నాటి దానిలో మెదడుపోటు వచ్చిన 608 మందిని చూస్తే, తరువాత తెలివి మామూలుగా ఉన్నవారు ద్విభాషులలో 40.5 శాతం, ఏకభాషులలో 19.6 శాతం. అయితే అఫేసియా మాత్రం రెండు వర్గాలలోనూ ఇంచుమించు ఒకే రీతిగా ఉన్నది. రెండు భాషలుంటే మాట పోదని కాదు. మిగిలిన తెలివికి ఆసరా ఎక్కువ ఉండవచ్చునని. ఇవి శస్త్రచికిత్స రోగుల లెక్కలు కావు, వ్యాధిగ్రస్తులవి. అయినా మన వీధులలో తెలుగు, ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు కలిసి తిరగడం మెదడుకు భారం కాదని వీటిని బట్టి అనుకోవచ్చు. మా రైల్వే కాలనీలో ఒకప్పుడు గోడకొక భాష వినబడేది. మాస్టారికి తమిళం కూడా వచ్చు. ఒక్కొక్కప్పుడు తెలుగు పదం రాక తమిళ పదం వస్తుంది. అది కూడా మాటే, రానిద్దాం.

ఉన్న పరిశోధన ఆసుపత్రి గడప దాటి ఇంటికి రాలేదన్నది నా ఫిర్యాదు. రోగి చికిత్సకుల దగ్గర ఉండేది వారానికి ఒక గంట. మిగిలిన గంటలన్నీ ఇంట్లోనే. ఆ ఇంటికి ఇవ్వడానికి తెలుగులో మన వస్తువులతో, మన మాటలతో ఒక సులభమైన పుస్తకం నేను పుస్తకాల అంగళ్ళలో ఎంత వెదకినా దొరకలేదు. అయిదేళ్ళ పిల్లవాడికి వందరకాల బొమ్మల పుస్తకాలున్నవి. అరవై ఏళ్ళ మనిషికి పిల్లల పుస్తకం చేతికిస్తే అవమానం. ఆయనకు "ఆ ఆవు" అక్కరలేదు. గ్యాసు బండ, రేషను కార్డు, మాత్రల పెట్టె, తాళంచెవి కావాలి.

ఈ ఖాళీలోకి వ్యాపారం దూరుతున్నది. మెదడును తిరగవ్రాస్తామనే లేహ్యాలు, తైలాలు, ఫోనులో ఆటలు మాస్టారింటికీ వచ్చినవి. వాటి మీద పోసిన డబ్బుతో ఏడాదిపాటు ఒక మంచి చికిత్సకురాలిని ఇంటికి పిలిపించవచ్చు. మెదడు మైనపుముద్దలా ఎటు వంచితే అటు వంగుతుందన్న మాటకు కూడా హద్దున్నది. మద్రాసులో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో, చెయ్యి తొలగించినవాళ్ళలో కొందరికి చెంప తాకితే లేని చెయ్యి తాకినట్లు ఉండడాన్ని గమనించి, మెదడులోని పటం మారిపోతుందని వాదించినాడు. అది లోకమంతా పాకినది. 2025లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన, ముగ్గురి మెదళ్ళను చెయ్యి తొలగించక ముందు, తరువాత కూడా చిత్రాలు తీసి, పోయిన చేతి పటం ఏళ్ళు గడిచినా మెదడులో చెక్కు చెదరకుండా ఉన్నదని చూపినది. ముగ్గురు చిన్న సంఖ్యే. అయినా మెదడు పాతదానిని అంత సులభంగా చెరిపివేయదని, కొత్తదానిని అంత సులభంగా వ్రాయదని అనిపిస్తున్నది. మార్పు ఉన్నది, కాని అది మెల్లని మార్పు, వాడుకతో వచ్చే మార్పు. గ్యారంటీ ఇచ్చేవాడిని నమ్మవద్దు. అందరూ పూర్తిగా కోలుకోరు. ఎంత చేసినా కొందరికి మాట రాదు. అది వాళ్ళ సోమరితనమూ కాదు, ఇంట్లోవాళ్ళ పాపమూ కాదు.

ఇది తలకు జరిగే శస్త్రచికిత్సలకే పరిమితమని అనుకోకండి. నా వయస్సువాళ్ళకు తుంటి మార్చినా, కడుపు కోసినా, తరువాత కొన్నాళ్ళు మెదడు మసకబారవచ్చు. 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ పరిశీలనలో, గుండెకు సంబంధించని పెద్ద శస్త్రచికిత్సలు జరిగిన అరవై దాటినవారిలో వారం తరువాత 25.8 శాతం మందికి, మూడు నెలల తరువాత 9.9 శాతం మందికి ఆలోచనాశక్తి తగ్గినట్లు తేలినది. అంటే ఎక్కువమంది కోలుకొంటున్నారు. ఆసుపత్రిలో రాత్రివేళ పెద్దాయన ఊరు మరచి, వేళ మరచి కలవరిస్తుంటే, మతి పోయినదని ఏడవకండి, గాలి సోకినదని తాయెత్తు కట్టకండి. వైద్యుడికి వెంటనే చెప్పండి. దాని వెనుక జ్వరమో, మందో, మూత్రబంధమో ఉండవచ్చు. కళ్ళద్దాలు పెట్టండి, వినికిడి యంత్రం ఉంటే తగిలించండి, పగలు వెలుతురు, రాత్రి నిద్ర ఉండేటట్లు చూడండి. తెలిసిన గొంతు, తెలిసిన భాషలో "నాన్నా, ఇది ఆసుపత్రి, నేను నీ ప్రక్కనే ఉన్నాను" అని పదేపదే చెప్పాలి. ఇంగ్లీషు, హిందీ మాత్రమే వినబడే గదిలో ఒక తెలుగు గొంతు ఎంత ఊరటో నేను వేరే చెప్పనక్కరలేదు.

మాటపోయినవారి ఇంట్లో పాటించవలసినవి, మాస్టారి దగ్గర నేను నేర్చినవి, నాలుగు ముక్కలు వ్రాస్తాను. ఆయన ఎదుటనే ఆయన గురించి మూడవ మనిషిలా మాట్లాడకూడదు. మాట పోయినది, తెలివి పోలేదు. ప్రశ్న అడిగిన తరువాత మనస్సులో ఇరవై లెక్కపెట్టేదాకా ఆగాలి. మనం అందించిన ప్రతి పదం ఆయన వెదకకుండా ఆపిన పదం. "ఇదేమిటి చెప్పు" అని పరీక్ష పెట్టడం కన్నా, "ఇడ్లీయా, దోశా?" అని ఎంపిక ఇవ్వడం మేలు. చూపు, సైగ, బొమ్మ, సగం మాట, వేరే భాష, ఏది వచ్చినా ముందు పని జరగనివ్వాలి; దిద్దుబాటు తరువాత.

మాస్టారు ఇప్పుడు ఎలా ఉన్నారంటే, మూడు నాలుగు పదాల వాక్యాలు పలుకుతారు. విభక్తులు జారిపోతాయి. "సాయంత్రం... అంగడి... పోతాం" అంటారు. నేను దిద్దను. ఏడు అన్న అంకెను ఇప్పుడు అయిదు నుంచి మొదలుపెట్టి పట్టుకొంటారు. మొన్న మనవడి లెక్కల పుస్తకంలో తప్పు చూపించి, కలం తీసికొని, ఎందుకు తప్పో చెప్పలేక, పక్కన సరైన లెక్క చేసి చూపించారు. ఆ చికిత్సకురాలికి తరువాత నేను సంగతి నెమ్మదిగా చెబితే, తన కాగితంలో "రైలు" ప్రక్కన "బండి" అని చేర్చుకొన్నది. అంతటితో ఆగక, ఇంకా ఏయే మాటలు చేర్చాలో వ్రాసి ఇమ్మన్నది.

అందుకే మీకు ఒక మనవి. నిత్యం వాడే నలభై వస్తువుల పట్టిక ఒకటి తయారుచేస్తున్నాను: నీళ్ళ పాత్ర, చీపురు, దుప్పటి, చెప్పులు, అగ్గిపెట్టె వంటివి. ఒక్కొక్కదానికి మీ ఇంట్లో, మీ జిల్లాలో, మీ అమ్మమ్మ నోట విన్న పేరు వ్రాసి పంపండి. శ్రీకాకుళం, అనంతపురం, వరంగల్లు, హోసూరు, బరంపురం, అమెరికా, ఎక్కడివారైనా సరే. శిష్టమా, గ్రామ్యమా అని వడపోయవద్దు. ఫొటోలు నేను మా ఊరివే తీస్తాను. పట్టిక పూర్తయిన తరువాత ఎవరైనా అచ్చువేసి వాడుకోవచ్చు. హక్కులేవీ నాకు అక్కరలేదు. తప్పొప్పులు వైద్యులు, మాటల చికిత్సకులు ఎవరైనా చదివితే దిద్దవలసినదిగా ప్రార్థన.

మొదటి మాట నేను వ్రాసికొన్నాను. రైలు: మా బిట్రగుంటలో, బండి.